పలక మీద మూడు గీతలు

అటు కాదు సువార్తా, ఆ రేకు కింద కారుద్ది. ఇటు కూర్చో.
తర్లుపాడు రోడ్డులో ఈ షెడ్డు
ఒకప్పుడు పలకలకి చట్రాలు బిగించింది.
ఇప్పుడు శనివారం రాత్రి పదిదాకా
ఇదే కోట, ఇదే అడవి, ఇదే పాతాళం.

ఇదిగో నీ పలక.
మూల విరిగిందని లారీ ఎక్కనిది.
బలపంతో మూడు గీతలు గీస్తున్నా చూడు,
నీ మంత్రబలం మొత్తం ఇంతే.
మంత్రం వేసినప్పుడల్లా ఒకటి తుడిచెయ్యాలి,
తడిగుడ్డతో కాదు, వేలితో.
ఆ తెలుపు ఆట అయిందాకా వేలికి ఉండాలి.
ఇది పుస్తకంలో లేదు. నేను పెట్టింది.

మంత్రం రావడం వేరు, మిగలడం వేరు.
మంత్రగత్తె పొద్దున్నే వల్లె వేసుకుంటది,
బెల్లంముక్కలా బుగ్గన పెట్టుకుంటది.
పలికిందా, కరిగిపోయింది.
మళ్ళీ నిద్రపోయి లేచిందాకా
నాలిక్కి ఆ రుచే తెలియదు.

"నేర్చుకున్నది మర్చిపోయేదేంది, అదేం చదువు?"
మొదటి వారమే తగువు పెట్టుకున్నాడు మాలకొండయ్య.
కరెంటాఫీసు తరఫున మీటర్లు చూసొస్తాడు.
పగలంతా ఇంటింటి అంకెలూ చదివి
రాత్రికి ఒక్కటీ గుర్తుండదంటాడు.
ఇంకేం, నీకంటే మంత్రగాడెవడన్నా.
ఒకసారి ఆట మధ్యలో కరెంటు పోతే
నిజంగానే వెలుగు మంత్రం చదివాడు.
కరెంటు రాలా.
గీత మాత్రం తుడిపించాం.

నోరు కావాలి, చెయ్యి కావాలి, వస్తువు కావాలి.
నోట్లో గుడ్డ కుక్కితే మంత్రం లేదు.
చేతులు కట్టేస్తే లేదు.
నిప్పుల బంతికి గంధకం అడుగుద్ది పుస్తకం,
మనకి అగ్గిపుల్ల తల చాలు.
కవచానికి పలకరాయి పెచ్చు,
మార్కాపురంలో ఎక్కడ వంగినా దొరుకుద్ది.

ఆపైన పాచిక. ఇరవై ముఖాలది.
దస్తగిరి ఆ రాయితోనే చెక్కబోయాడు,
పన్నెండేళ్ళుగా కటింగ్ మిషన్ మీదున్న చెయ్యి.
ఏడో ముఖం దగ్గర పొర లేచింది.
నాలుగుసార్లు చెక్కాడు, నాలుగుసార్లూ పొరలే.
పరుచుకోను పుట్టిన రాయి, దొర్లమంటే దొర్లుద్దా.
చివరికి ఈ ప్లాస్టిక్‌ది పార్సిల్లో తెప్పించాం.
ఒకటి పడితే నీ మంత్రం నీకే తగులుద్ది.
ఇరవై పడితే అరవొద్దు, పక్కింట్లో పసిబిడ్డుంది.

మాన్పే మంత్రాలు దస్తగిరివి.
కత్తిగాటు మూస్తాడు, విషం దించుతాడు.
పోయిన వానాకాలం ఒకరాత్రి,
తన వంతు రాకుండానే అడిగాడు:
ఊపిరితిత్తుల్లో దిగిన పొడికి ఏమన్నా ఉందా?

వాళ్ళ నాయన దగ్గు మా అందరికీ తెలుసు.
వీధి మలుపులోనే వినపడుద్ది.

పుస్తకం మొదట్నించీ తిప్పాను.
గాయానికుంది. శాపానికుంది.
రాయైపోయినవాణ్ణి మళ్ళీ మనిషిని చేసేది కూడా ఉంది.
మనిషిలో కొంచెం కొంచెంగా రాయి చేరితే
ఏం చెయ్యాలో
ఏ పేజీలోనూ లేదు.

ఈ బల్ల దగ్గర నా మాటే శాసనం.
ఉందనొచ్చు. లేదనొచ్చు.
వెయ్యి, అన్నాను.
పదిహేడు.
చాలా? అన్నాడు.
ఎంత పడాలో నేనసలు అనుకోలేదు.
చాలన్నాను.
మేం ఊహించుకున్న గనిలో
మేం ఊహించుకున్న ముసలాయన
లేచి కూర్చుని మంచినీళ్ళడిగాడు.
దస్తగిరి గీతలు మూడూ తుడిచేశాడు.
ఒక్కటే కదరా అంటే వినలేదు.

తర్వాతి శనివారం నేను బలపం తీస్తే
రెండు గియ్యి, చాలన్నాడు.
ఎందుకని ఎవరం అడగలేదు.
ఇప్పటికీ రెండే.

సరే. నీ వంతు.
ఎదురుగా ఇనపతలుపు, తాళమేసుంది.
అవతల ఏదో గీకుతున్న చప్పుడు.
మంత్రం వేస్తావా?
ముందు తన్ని చూడు.
ఉన్నవి మూడే.